మిరప కల్లానికి తెచ్చిన కుక్కపిల్ల

నాన్నా,

నువ్వు లేకుండా ఇదే మొదటి మిరప కల్లం. ఆరబోసిన కాయలకు కాపలా ఉంటుందని పక్క పొలం బాబాయి దగ్గర్నుంచి కుక్కపిల్లను తెచ్చాను. అది కళ్లు తెరిచి వారమే అయింది. "ఇప్పుడే పట్టుకుపోరా, నిన్నే అమ్మనుకుంటది" అన్నాడు బాబాయి. తల్లే కసిరి పాలు మాన్పించేదాకా ఆగాలని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. నీ మాట వినకపోవడం నాకు కొత్తా?

గేదెపాలు పట్టాను. విరేచనాలు పట్టుకున్నాయి. పడుకోబెట్టిన గోనెసంచి కొసనే నోట్లో పెట్టుకుని చీకుతూ ఉండేది. వణుకుతుంటే నీ తువ్వాలు కప్పాను. నాలుగో రోజు పొద్దున ఇక లేవలేదు. గట్టు పక్కన పూడ్చాను.

ఆ సాయంత్రమే తల్లి వెతుక్కుంటూ వచ్చింది. సంచి వాసన చూసి దాని మీదే పడుకుంది. బాబాయి రెండుసార్లు తీసుకెళ్లినా తిరిగొచ్చింది.

"ఏరా, గట్టి కాపలా దొరికిందే!" అంటున్నారు దారినపోయేవాళ్లు. అది కాయల వంకైనా చూడదు. సంచి మీద చెయ్యి వేస్తేనే గుర్రుమంటుంది.

నిన్న కాయలన్నీ సంచులకెత్తి పంపేశాను, నాన్నా. ఆ ఒక్క సంచీ కల్లంలోనే ఉంది.