ఓబులమ్మ చేని మూలరాయి

మంగళవారం, రాత్రి.

సోమందేపల్లె దగ్గర వేసే కొత్త రోడ్డుకు ఈరోజు మా ఊరి పొలాలు కొలిచారు. ముప్పై ఏళ్లు భూమి కొలిచే గొలుసు లాగుతూ నేను నేర్చుకున్న పనిని కొత్త సర్వేయరు మిషనుతో గంటలో ముగించాడు. రైతులంతా అతని వెనకే నడిచారు. వాళ్లలో రామప్ప, "ఏమప్పా, ఇంక నీ గొలుసు ఎనుముకు కట్టుకో" అన్నాడు. నవ్వి, నేనూ వాళ్ల వెనకే నడిచాను.

అతను ఓబులమ్మ చేని హద్దుకు పాతిన మూలరాయి నుంచి కొలిచాడు. ఆ రాయి అసలు చోట లేదు. నాగలికి అడ్డమని, చనిపోయిన ఆమె మొగుడు ఎప్పుడో దాన్ని పీకి గట్టు మీద పాతాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అయినా ఈరోజు నోరు విప్పలేదు. అతని కొలత తప్పాలనే కోరుకున్నాను.

సాయంత్రం ఓబులమ్మ వచ్చింది. "అన్నా, నా బోరు రోడ్డులోకి పోతాదంట. మిషను తప్పు చెప్తాదా?"

"చెప్పదమ్మా" అన్నాను.

రేపు పొద్దున రోడ్డు హద్దురాళ్లు పాతుతారు. గడ్డపార తీసి వాకిట్లో పెట్టుకున్నాను. రాయి పాత గుంత తవ్వి చూపిస్తే ఆమె బోరు నిలుస్తుంది. అప్పుడు ఆ సర్వేయరు అందరి ముందు "బాగా చెప్పినావు పెద్దాయనా" అంటాడు. అతను తప్పాలని తెలిసీ చెప్పకుండా ఉన్నవాణ్ణి, ఆ మాట అతని నోటి నుంచి ఎలా వినాలో...