మోకాలి లోతు నీళ్లు

బందరు,
ఆదివారం.

తమ్ముడికి దీవెనలు.

ఇక్కడ నేనూ అక్కయ్యా ఊపిరితో ఉన్నాం. నువ్వు కులాసాగా ఉన్నావని పేపర్లో నీ ఫొటో చూసి తెలుసుకున్నాం.

తొంభై తుఫానులో నీళ్లు ఇంట్లోకి వచ్చిన పొద్దున, మంచం మీద మంచం వేసి అమ్మను పైన కూర్చోబెట్టి ఒక మాటన్నావు. "నేను ఇంజనీరుగా ఉన్నంతకాలం ఈ వీధిలోకి మళ్లీ చుక్క రానివ్వనమ్మా." నీకు గుర్తుండదులే. అమ్మ పోయేదాకా ఆ మాట అందరికీ చెప్పుకుంది.

నీ ఉత్తరానికి జవాబులు. అక్కయ్య నడుస్తోందా అని అడిగావు. నడవడం లేదు. ఇప్పుడు మంచం దిగడానికి కూడా మనిషి కావాలి. లడ్డూలు పంపమన్నావు. పంపను. తుఫాన్లను తట్టుకోవడానికి వేసిన నగర వాతావరణ ప్రణాళికను మీ కంపెనీ సవరిస్తోందనీ, దాని మీద పెట్టిన సభకు వెళ్లి పెద్దవాడిగా నాలుగు మంచి మాటలు చెప్పమనీ రాశావు. వెళ్లాను.

గంటసేపు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నాక, నీ దగ్గర పనిచేసే నాగవంశీ తెర మీద పటం చూపించాడు. మన వార్డు పచ్చగా ఉంది. ముప్పు తక్కువట. అందుకని మురుగు కాలువ బాగుచేయడం, నీళ్లు తోడే మోటార్లు పెట్టడం మనకు చిట్టచివరి దశలోనట.

"ఏం చూసి చెబుతున్నావయ్యా?" అన్నాను.

"తొంభై తుఫానుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీ ఇంట్లోనే కొలిచామండీ మాస్టారూ. మీ నాన్నగారు అప్పుడు గుర్తుగా ముందుగది గోడకు కొట్టిన మేకు ఉందిగా. మోకాలి దాకేనండీ."

"ఎవరి మోకాలు నాయనా? నేను గుండెల దాకా మునిగాను."

"టేపు అబద్ధం చెప్పదు కదండీ!"

వెనక వరసలోంచి ధనుంజయరావు బావ, "టేపు చెప్పదులే అబ్బాయ్, దానికి ఇంకా ప్రమోషన్ రాలేదు" అన్నాడు. సభంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సముద్రం పెరుగుతోందని నీ నివేదికల కంటే ముందే నేను చదివాను. సముద్రం మిల్లీమీటర్లలో పెరుగుతుంటే మన రోడ్లు జానల్లో పెరుగుతున్నాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు లేస్తే నీళ్లు ఇంట్లోకి వస్తాయని మనం నేల ఎత్తు చేసుకుంటాం. గోడ మీది మేకు ఉన్నచోటే ఉంటుంది. నేలే దాని దగ్గరికి ఎక్కుతుంది. ఆ కుర్రాడికి ఇది తెలియదు. నీకు తెలుసు. నీ కూతురి పెళ్లికి ముందుగది నిండా మట్టి పోయించి పాలరాయి పరిపించింది నువ్వే. "వెనక అక్కయ్య ఒక్కతేగా, ఇప్పుడెందుకు" అని ఆ వాటా వదిలేసిందీ నువ్వే. అప్పటినుంచి వాన పడితే ముందుగది పొడిగా ఉంటుంది, నీళ్లు అక్కయ్య మంచం కింద నిలుస్తాయి.

ఇక ఇంతసేపూ దాచిన మాట. మొన్న మంగళవారం నీ పాలరాయి పగలగొట్టించాను. కింద పాత నాపరాయి బయటపడింది. ఆ గుంతలో నిలబడితే మేకు సరిగ్గా నా గుండెలకు వచ్చింది. వీధివాళ్లనీ నాగవంశీనీ పిలిచి చూపించాను. లోపలినుంచి అక్కయ్య ఒకటే గోల.

"ఒరేయ్, వాడు ముచ్చటపడి వేయించుకున్న రాళ్లురా! వాడి మనసు నొచ్చుకుంటుందిరా!"

"నొచ్చుకోనీ అక్కయ్యా. నీ నడుం పదేళ్లుగా తడుస్తోంది."

నాగవంశీ మళ్లీ కొలిచి, తల దించుకుని రాసుకున్నాడు. "సారు సంతకం పెడితేగానీ పటంలో రంగు మారదండీ" అన్నాడు. ఏ ఊరివాడో గానీ సిగ్గున్నవాడు.

సంతకం పెట్టు. బతిమాలడం లేదు. నువ్వు పెట్టకపోతే ఈసారి నీళ్లొచ్చినప్పుడు అక్కయ్యను ఎత్తాల్సింది నేను, నా చేతులకు ఇప్పుడు నీళ్ల బిందే లేవడం లేదు. ఆ రోజు వీధి వీధంతా వాయుగుండాన్ని తిడుతుంది, భూమి వేడెక్కిందని అంటుంది. నన్నడిగితే మాత్రం ఇంటిపేరుతో సహా ఒక్కడి పేరే చెబుతాను. మాదిరాజు ఆనందరావు.

ఇట్లు,
నీ అన్నయ్య