చేప కన్ను

పుమాలా, మార్చి 9

అమ్మా,

మేమిద్దరం క్షేమం. సరస్సు మీద మంచు ఇంకా మూరెడు మందం ఉంది, బెంగపడకు.

నిన్న నాన్నను చెయ్యి పట్టుకుని చేపలకు తీసుకెళ్లాను. శుక్లాలు ముదిరి గాలం కూడా కనపడటం లేదు. నేను కొన్న తళుకు బిళ్లల ఎరలను తడిమి చూసి, "ఇవి నీ చెవులకు పెట్టుకోవే" అన్నాడు. ఎర్ర పురుగు ఎరకు పడిన మొదటి పులిచారల పెర్చ్ చేప కన్ను తీసి గాలానికి గుచ్చమన్నాడు. "నా కళ్లు ఎలాగూ పోయాయి. దాని కన్నుతోనే దాని చుట్టాలను పిలుద్దాం."

మంచు మీద బోర్లా పడుకుని, తలమీద కోటు కప్పుకుని, గాలం వేయడానికి మంచులో తొలిచిన కన్నంలోకి చూశాను. ఆకుపచ్చ వెలుగులో పులిచారల చేపలు పదిహేను దాకా ఆ ఒక్క కన్ను చుట్టూ చేరి, ప్రార్థనలో ఉన్నట్టు కదలకుండా నిలిచాయి.

"ఏం కనిపిస్తోందే?" అన్నాడు నాన్న. చెప్పాను. మూడుసార్లు చెప్పించుకున్నాడు.

రొట్టెలకు రై పిండి డబ్బా ఎక్కడ దాచావు? అక్కడ అక్కకు పాలు పడుతున్నాయా? పసిదానికి నా ముద్దులు.

పొద్దున నాన్న కాఫీ తాగుతూ, "ఆ కంటి డాక్టరుతో మాట్లాడమను మీ అమ్మను" అన్నాడు. శుక్లాలు తీయించుకోమని నువ్వు మూడేళ్లు పోరినా వినలేదు కదా. మనసు మారకముందే ఆపరేషన్‌కు తేదీ తీసుకో. వచ్చే ఏడు మంచు మీద బోర్లా పడుకునేది తనేనట.

నీ హెల్కా