మగోమె నుంచి త్సుమగోకి బస్సుంది

అన్నయ్యా,

నీ సంవత్సరీకాలయ్యాక, నీ కూతుర్ని వెంటబెట్టుకుని, నీ నోటుపుస్తకంతో జపాన్ వెళ్లొచ్చాను. పూర్వం బాటసారులు బసచేసిన ఆ మజిలీ ఊళ్లను రావులపాలెం, కొత్తపేట, అమలాపురం స్టాపుల్లా వరసగా రాశావు. నడిచే వెళ్లాలని కింద గీత కూడా గీశావు. మగోమె నుంచి త్సుమగోకి మూడు గంటలు నడిచాం. నా మోకాళ్లు పోయాయి. తీరా చూస్తే అక్కడ బస్‌స్టాపుంది.

"మనం బయల్దేరిన ఊరి నుంచే వస్తుందంట అత్తా," అంది నీ కూతురు.

ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసినవాడివి, బస్సుందని ఒక్క ముక్క రాయలేకపోయావా? నిన్ను తిట్టుకుంటూనే తిరుగు ప్రయాణానికి అదెక్కాను. టికెట్టు కోసం వెనక్కి చూస్తే ఎవరూ రాలేదు. అన్నీ డ్రైవరే చూసుకుంటున్నాడు.

"కండక్టరు లేనిది బస్సేంటి చెల్లాయ్," అనేవాడివి.

సరే, అది బస్సు కాదు. నేను నడిచే వచ్చాననుకో.