ఎండ తాగిన కుంట

తమ్ముడు నాగభూషణానికి, పెనుకొండ దగ్గరి మన పల్లె నుంచి అక్క దీవించి రాసేది. మేము బాగానే ఉన్నాము, కంగారు పడవద్దు. ఫోనులో చెప్పాలంటే నోరు రాక కార్డు రాస్తున్నాను.

వేసవి మొదట్లో పడిన వానకు మా పంటకుంట నిండింది. పక్క చేని ఆదెమ్మ గొర్రెలను తోలుకొచ్చి, "ఒగ పూట తాగనీప్పా, బోర్లన్నీ ఎండిపోయినాయి," అని అడిగింది. "మల్బరీకి దాచినాం. రేపు పట్టుపురుగులకు ఆకు యాడ తెచ్చేది?" అని మీ బావ పంపేశాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె గొర్రెలను సంతలో అమ్మేసి, మీ ధర్మవరంలోనే ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా బోరు ఆగాక వాడుదామని దాచిన ఆ నీళ్ళను ఎండా గాలీ ఏకమై బురద దాకా పీల్చేశాయి. మల్బరీకి ఒక్క తడి కూడా దక్కలేదు. మీ బావ నెర్రెలిచ్చిన కుంటలో నిలబడి, "ఆకాశంలో మోడాలకు తాపినాం గానీ ఆయమ్మకు ఇయ్యకపోతిమే," అన్నాడు.

మొన్న మళ్ళీ గట్టి వాన పడింది. మీ మగ్గం గుంతలోకి నీళ్ళు దిగాయా? పట్టు తడవకుండా చూసుకో. హిందూపురం చిన్నమ్మకు జ్వరం తగ్గిందా?

ఆదెమ్మ కూతురు మీ వీధి చివర చర్చి పక్కనే ఉంటుందట. వెళ్ళి, కుంట నిండింది, రమ్మన్నారు అని చెప్పు. రానంటే బలవంతం చేయకు. గొర్రెలు దిగడానికి మీ బావ గట్టు తవ్వి దారి చేశాడు. దిగడానికి గొర్రెలే లేవు.

మరదలికి, పిల్లలకు దీవెనలు.

అక్క గంగరత్నమ్మ