మదర్‌బోర్డు మార్చిన బావకు

పొదిలి,
ఆదివారం

కోటేష్ బావగారికి,

మన పెళ్లి గురించి నా జవాబు ఈ వారమే చెప్పమని అత్తయ్య అడిగింది. ఎదురుగా మాట్లాడటం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

పోయిన ఆదివారం మీరు నన్ను అడగకుండానే నా కంప్యూటర్ విప్పి మదర్‌బోర్డు మార్చారు, దాని బయటి డబ్బా కూడా మార్చారు. విండోస్ యాక్టివేట్ కాలేదని తెర మీద కనిపించగానే, పాత డబ్బా మీద నేను అంటించుకున్న లైసెన్స్ నంబరు చీటీ పీకి కొత్త దానికి అంటించారు.

"మిర్చి టిక్కీ మీద నంబరుంటే చాలు మరదలా! రైతు బస్తా లోపల మేలు కాయ తీసి తాలు కాయ పోసినా ఎవడు చూస్తాడు? మా కొట్లో రోజూ చేసేదేగా!" అన్నారు.

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.

కంప్యూటర్ చూసేది లోపలి సరుకునే. మీరు వెళ్లాక తెర మీదున్న నాలుగు వాక్యాలు చదివాను. నా లైసెన్స్ నా ఖాతాకు ముడిపడి ఉంది. ఖాతా తెరిచి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని నిజం చెప్పాను. ఐదు నిమిషాల్లో యాక్టివేట్ అయింది. మీరు గంటన్నర కూర్చుని, ఆ వాక్యాలు చదవకుండానే కంపెనీ వాళ్లను దొంగలన్నారు.

మీకు కంప్యూటర్ తెలియకపోవడం నాకు పట్టింపు లేదు. మీరు రైతుల కాయ మార్చేయడాన్ని తెలివి అనుకుని, దాన్ని పెళ్లి చేసుకోబోయే పిల్ల ముందు గొప్పగా చెప్పుకున్నారు. అలాంటి మాటలకు జీవితాంతం పక్కన కూర్చుని నవ్వడం నా వల్ల కాదు.

ఈ పెళ్లి నాకు వద్దు. అత్తయ్యకు నేను వేరే రాయడం లేదు. ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి, టిక్కీ మాటతో సహా.

మీ మేనమామ కూతురు