అమ్మ వక్కాకు తిత్తి

ధర్మవరం,
ఆగస్టు 9, 2025.

గార్లదిన్నెలోని అక్క జ్యోతిలక్ష్మికి తమ్ముడు మార్కండేయ నమస్కరించి రాస్తున్నది. అమ్మా, నేనూ క్షేమం. నువ్వూ, బావా, కడుపులోని బుజ్జిదీ చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాం.

ఫోను చేతిలో ఉండగా వీడికి ఉత్తరమేమిటని నవ్వకు. నేను ఫోను తీస్తే చాలు, అమ్మ పక్కకొచ్చి కూర్చుని స్పీకరు పెట్టమంటుంది. ఈ మాట అమ్మ చెవిన పడకూడదు.

ఇక్కడ వాన లేదు. మబ్బు రోజూ వచ్చి చూసి పోతుంది. మగ్గం మీద నీ సీమంతం చీర నేస్తున్నాను, చిలకపచ్చ. నిన్న అమ్మ అంగడికి పోయి చింతపండు, ఉప్పు, అగ్గిపెట్టె తెమ్మంది. దారి పొడుగునా వల్లించుకుంటూ పోయి ఉప్పు ఒక్కటే తెచ్చాను. అమ్మ తిట్టకుండా తనే పోయి మిగతావి తెచ్చుకుంది. చిన్నప్పుడు నువ్వు నేర్పిన ఎక్కం తెల్లారేసరికి ఎగిరిపోయేది. నీ మొట్టికాయలు మాత్రం బాగా గుర్తున్నాయి.

పోయిన ఏడాది అమ్మను తోడు తీసుకుని పోయి, అనంతపురంలో డాక్టరమ్మకు నా మతిమరుపు చూపించుకున్నాను కదా. అమ్మను బయటే కూర్చోబెట్టాను. బలానికి మాత్రలిచ్చిందని ఇంట్లో చెప్పింది అబద్ధం. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ పొగాకు నమిలేదా, పసితనంలో సారాయి లాంటిదేమైనా పట్టారా అని ఆమె అడిగింది. వేవిళ్లకు పొగాకు, నా జలుబుకు బ్రాందీ చుక్కలు, మా వీధిలో అందరూ చేసేదే అన్నాను. నా మతిమరుపుకు అదే కారణమని గట్టిగా చెప్పలేనంది. కానీ జ్ఞాపకానికి పునాది పడేది ఆ వయసులోనేనట, పొగాకూ సారాయీ దాన్ని దెబ్బతీయగలవట. ఇది అమ్మకు ఎలా చెప్పను? మతిమరుపుతో నేను ఎలాగో బతుకుతాను. ఈ మాట వింటే అమ్మ తట్టుకోలేదు.

మొన్న వచ్చినప్పుడు నువ్వు వాంతులకని పొగాకు ముక్క బుగ్గన పెట్టుకున్నావు. అమ్మ కూడా ఇట్లే ఏసుకునేది, ఏం కాదులేరా అన్నావు. మానెయ్యక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. రేపు బిడ్డకు జలుబు చేస్తే మీ అత్త బ్రాందీ నాకించబోతుంది, దెబ్బలాడైనా ఆపు. మేనమామ పోలిక ముక్కుకు వస్తే చాలు, తలకు వద్దు.

బావకు నా నమస్కారాలు.

నీ తమ్ముడు,
మార్కండేయ

తా.క.: ఉత్తరం ముగించాక మీ ఇంటి నంబరు గుర్తురాక అమ్మనే అడిగాను. నంబరు చెప్పి, పొగాకు వద్దని రాసినావా అంది. నీకెట్లా తెలుసమ్మా అన్నాను. ఆ పొద్దు డాక్టరమ్మ తలుపు కాడే ఉన్నా, అంతా ఇన్నానప్పా అంది. వక్కాకు తిత్తి నా ముందు బోర్లించింది. ఆకు, వక్క, సున్నం. పొగాకు లేదు. ఆ పొద్దే పారేసినా, మానేసినానని తెలిస్తే, డాక్టరమ్మ మాట నేనూ ఇన్నానని నువ్వు కుమిలిపోతావని దాచిపెడతాండా అంది. ఏడాదిగా నా ఎదుట నలిపి బుగ్గన పెట్టుకున్నదంతా వక్కపొడేనట. పొగాకు వద్దని నీకు తనే చెప్పాలనుకుని, నోరు రాక ఊరుకుందట.

కళ్లొత్తుకుంటూ ఇంకేదో కూడా రాయమంది, తన తప్పు గురించి. అది మాత్రం నేను మరిచిపోయానక్కా.